నూజివీడు జ్యూస్ ఫ్యాక్టరీలో రెండో స్టూలు

1985 మే నెల చివరి శనివారం ఉదయం నిడదవోలులో బెజవాడ పాసింజరు ఎక్కాను. ప్రయాణ కారణం ముందే చెబుతాను. నూజివీడులో మా చెల్లెలు సుభద్ర కొడుకు ప్రసాదరావు మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో పని వదిలేసి పది రోజులుగా ఇంట్లో కూర్చున్నాడు. సోమవారం డ్యూటీకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని మేనేజరు కబురు పంపాడు. "నీ మాటైతే వింటాడు, ఒక్కసారి రా అన్నయ్యా" అని సుభద్ర ట్రంకాల్ చేసింది. రైల్వే అకౌంట్సులో పనిచేసి రిటైరైన నేను, లెక్క చూపిస్తే మనిషి దారికి వస్తాడన్న నమ్మకంతోనే బయలుదేరాను.

ఈ దారిన వెళ్ళేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నూజివీడు అని బోర్డున్న స్టేషనులో దిగితే నూజివీడు చేరినట్టు కాదు. ఎదుటి సీటులోని రెడ్డిగూడెం తోటల కౌలుదారు నేను సంచి సర్దుకోవడం చూసి నవ్వాడు. "దిగగానే ఊరొచ్చేసిందనుకునేరు మాస్టారూ! పేరు నూజివీడుది, స్టేషను హనుమాన్ జంక్షనోళ్ళది."

రైలు నలభై నిమిషాలు ఆలస్యం. హనుమాన్ జంక్షనులో బస్సు పట్టుకున్నాను. టిక్కెట్టు రెండు రూపాయలు. లోపల సగం జాగా ఖాళీ గంపలదే. వాటికి లగేజీ కొట్టాలని కండక్టరు పట్టుబడితే ఒకావిడ, "ఖాళీ గంపకి లగేజీ ఏంటయ్యా, గాలికి కూడా టిక్కెట్టా?" అని గదమాయించింది. గొడవ తేలకుండానే ఊరు వచ్చింది. పన్నెండు దాటింది.

సుభద్ర ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. ప్రసాదు మంచినీళ్ళ గ్లాసును వేలి కణుపుతో తట్టాడు. చెవి దగ్గరపెట్టి మళ్ళీ తట్టాడు. తర్వాత కంచం, ఆపైన మజ్జిగ చెంబు. "తినరా, చల్లారిపోతోంది" అంది సుభద్ర. వాడు నావైపు చూసి, చేయి ఒళ్ళో దాచుకున్నాడు.

వాడి ఉద్యోగమే అది. గుజ్జు నింపి, మూత బిగించి, ఉడికించి చల్లార్చిన రేకు డబ్బాలను ఒక్కొక్కటిగా సన్నని ఇనుప కడ్డీతో తట్టి వినాలి. మంచి డబ్బా ఖంగుమంటుంది. మూత సరిగా పట్టనిది బోలుగా పలుకుతుంది. అలాంటిదాన్ని ఏరివేయాలి. కిందటి సీజనులో వాడు మంచిదని పంపిన డబ్బా ఒకటి గోడౌనులో ఉబ్బి పేలింది. అక్కడ లేబుళ్ళు అంటిస్తున్న మరియమ్మ కనుబొమ్మ చీలింది. కన్ను దక్కింది. వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఈ సీజను మొదలైన నాటి నుంచి వాడు ఒక్కో డబ్బాను నాలుగైదుసార్లు తట్టడం, పంపినదాన్ని మళ్ళీ వెనక్కి తెప్పించడం, పని ఆగిపోవడం. చివరికి ఒక ఉదయం కడ్డీ కింద పడేసి వచ్చేశాడు. రాత్రి నిద్ర లేదు. ఊళ్ళో డాక్టరు బలానికి సూదులు వేశాడు. పనికి బద్ధకించి వేషాలు వేస్తున్నాడని ఇరుగుపొరుగు తేల్చేశారు.

భోజనం కాగానే నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. "సీజనుకు సుమారు లక్ష డబ్బాలు నీ చేతి మీదుగా పోతాయన్నావు. పేలింది ఒకటి. లక్షకు ఒకటి అంటే తప్పు లేనట్టే."

వాడు కాగితం వైపు మర్యాదగా చూశాడు. "ఆ ఒక్కటీ ఏదో ముందే చెప్పు మావయ్యా. మిగతావన్నీ కళ్ళు మూసుకుని పంపేస్తాను."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం తొమ్మిదింటికి ముసునూరు రోడ్డులో ఉన్న ఫ్యాక్టరీకి ఇద్దరమూ వెళ్ళాం. సీజనులో అక్కడ సెలవు లేదు. ఆవరణంతా కలెక్టరు మామిడికాయల గుట్టలు, వరిగడ్డి, ఆవిరి. ప్రసాదు గేటు దాటలేదు. మేనేజరు నన్ను డబ్బాలు తట్టే గదికి తీసుకువెళ్ళాడు. తలుపు వేస్తే బయటి మోత వినిపించని చిన్న గది. ఒక బల్ల, ఒక స్టూలు.

"కిందటేడు దెబ్బకి బెదిరాడు కదాని, ఎవరూ కదిలించకుండా ఈ గది ప్రత్యేకం ఇచ్చామండీ. ఇంతకన్నా ఏం చేస్తాం చెప్పండి?" అన్నాడు. ఆయన మాటలో కపటం లేదు.

"అంతకుముందు ఎక్కడ కూర్చునేవాడు?"

"వరండాలోనండీ. ఇద్దరు ఎదురెదురుగా తట్టేవాళ్ళు. రెండో అతన్ని బాయిలరుకు పంపేశాం."

మా ఆఫీసు పద్ధతి ఆయనకు చెప్పాను. ఎంత సమర్థుడైనా గుమస్తా ఒక్కడే లెక్క సరిచూడడు. ఒకరు చదువుతారు, ఒకరు టిక్కు పెడతారు. పొరపాటు దొర్లితే అది ఇద్దరిది. అందుచేత ఇద్దరూ రాత్రి నిద్రపోతారు.

"రెండో మనిషి కూలి ఎవరిస్తారండీ?" అన్నాడాయన, నాతోపాటు గేటు వైపు నడుస్తూ.

అప్పుడే చర్చి నుంచి నేరుగా పనికి వస్తున్న మరియమ్మ గేటు దగ్గర ప్రసాదును చూసి ఆగింది. నలభై ఏళ్ళ మనిషి. వాడి చూపు ఆమె కనుబొమ్మ మీది గీత మీదే ఉంది. "కుట్లేసిన డాక్టరు కూడా ఇన్నిసార్లు చూళ్ళేదండీ ప్రసాదుగారూ! దిష్టి తగుల్తది" అంది. వాడు తల దించుకున్నాడు. నేను వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె మేనేజరు వైపు తిరిగింది. "లేబుళ్ళ పని మధ్యాహ్నం నుంచే కదండీ? పొద్దుట నేను కూర్చుంటా. నేను ఊడ్చే తొక్కలు మిగతావాళ్ళు పంచుకుని ఊడుస్తారు."

మేనేజరు సరేనన్నాడు. గోడౌను నుంచి రెండో స్టూలు వచ్చింది, మరియమ్మ వెంట ప్రసాదూ గేటు దాటి వచ్చాడు. గది తలుపు తీసే ఉంచమన్నాను.

ప్రసాదు మొదటి డబ్బాను అయిదుసార్లు తట్టాడు. ఆరోసారి కడ్డీ ఎత్తగానే మరియమ్మ డబ్బా లాక్కుని, తానూ ఒకసారి తట్టి, "మంచిదే. ఇది నేను పంపుతున్నా. మీరు రెండోది అందుకోండి" అంది. వాడు రెండోది అందుకున్నాడు. గంటసేపు గుమ్మంలో నిలబడి చూశాను. చివరి డబ్బాలను రెండేసిసార్లే తట్టాడు. ఒక్కసారితో మాత్రం ఏదీ వదల్లేదు.

సాయంత్రం బస్టాండులో సుభద్ర అడిగింది. "రేపు వెళ్తాడా?"

"వెళ్తానన్నాడు."

"వాడన్నాడా, నువ్వనిపించావా?"

"మరియమ్మ అనిపించింది. గురువారం వాణ్ణి బెజవాడ తీసుకురా, స్టేషనులో కలుస్తాను. అక్కడ మానసిక వైద్యుడికి చూపిద్దాం. ఆ పేరు విని కంగారుపడకు."

తిరుగు రైలులో కిటికీ సీటు దొరికింది. పెట్టె నిండా రసాల వాసన. అందరి కాళ్ళ దగ్గరా బుట్టలే. జబ్బు నయమైందని నేను రాయడం లేదు. అందుకు ఆధారం లేదు. ఏలూరు దాటాక పక్కనున్నాయన, "నూజివీడు వెళ్ళి ఉత్త చేతులతో వస్తున్నారేంటండీ?" అన్నాడు. కాయలు కొనాలన్న సంగతే మరిచిపోయానని చెప్పాను. ఆయన తన బుట్టలోంచి ఒక పండు తీసి, ముక్కు దగ్గర పెట్టి చూసి, "ఇది బాగుందో లేదో మీరూ ఓసారి చూడండి" అంటూ నా చేతికిచ్చాడు.