తొమ్మిదో తరగతి లక్ష్యాల చీటీలు

కిందటి ఏడాది జూలై నెల మూడో శనివారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. ఆకాశం పూర్తిగా మూసుకుని ఉంది, వాన లేదు, గాలి పడమటి నుంచి వీస్తోంది. మూడు రోజుల క్రితం ఈదురుగాలికి కూలిన రెండు కరెంటు స్తంభాల్లో ఒకటి అప్పటికే లేచింది, రెండోదాన్ని బడి ప్రహరీ పక్కన నిలబెడుతున్నారు. చోడవరంలో నా మనవరాలు చదివే ఆ బడిలో పెద్దల సమావేశానికి ఇరవైముగ్గురం హాజరయ్యాం. ఇవన్నీ నేను ఆనాడే డైరీలో రాసుకున్న వివరాలు.

చర్చకు వచ్చిన అంశం ఒక్కటే. తొమ్మిదో తరగతికి ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు తప్పెటగుళ్ళు నేర్పుతున్నారు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ ఆడే మా ప్రాంతపు ఆట అది. వడ్డాది నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చి నేర్పి వెళ్తాడు. ఆ రెండు పీరియడ్లూ తీసేసి, ఎవరు ఏ ఉద్యోగానికి వెళ్ళదలచుకుంటే దానికి పనికొచ్చే పాఠమే చెప్పాలన్నది ప్రతిపాదన. చేసినవాడు ఎరువుల దుకాణం నడిపే ఒక తండ్రి. వరసకు నన్ను బాబాయ్ అంటాడు.

“మావోడు ఇంజినీరవ్వాల. గుండెల మీద రేకు కొట్టుకుంటే ఏ కంపెనీవోడు పిలుస్తాడు, సెప్పండి?” అన్నాడు.

“మీవోడు ఇంట్లో అన్నం కంచాలు కూడా కొడతన్నాడంట గదా!” అంది వెనక వరస నుంచి ఒక తల్లి.

“కంచాలేటి, నా స్కూటరు సీటు కూడా కొడతన్నాడు!”

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రతిపాదన సబబుగానే తోచింది. ముప్ఫైమూడేళ్ళు చెరకు కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశాను. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసివేయడమే నా ఉద్యోగం. చిన్నప్పుడు బట్టీపట్టిన రాజవంశాల్లో ఒక్కటీ ఆ కాటా ఎక్కలేదు. ఈ మాటే సభలో చెప్పాను. “అయితే లెక్క మీరే తీసిపెట్టండి” అన్నారు హెడ్‌మిస్ట్రెస్. నలభైఆరుగురు పిల్లల చేత తమ లక్ష్యాన్ని చీటీల మీద రాయించాలి, ఆ చీటీలనుబట్టి టైంటేబుల్ మార్చాలి అని తీర్మానమైంది.

ఆ సాయంత్రం నా మనవరాలు నాకు టీ తెచ్చి, గ్లాసు వదలకుండా నిలబడింది.

“తాతా, మా ఆట తీయించేత్తావేటి?”

“నేను తీయించడం లేదమ్మా. లెక్క ఎలా వస్తే అలా జరుగుతుంది.”

“దసరా సెలవల ముందు ఊరందరి ముందూ ఆడాల. నేను ముందు వరసలో ఉన్నాను. నీ లెక్కకి ఆ సంగతి తెలుసునా?”

ఆమె చేతిలోనే టీ చల్లారింది.

సోమవారం చీటీలు వచ్చాయి. ప్రతి చీటీ మీదా రోల్ నంబరు ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాను. డాక్టర్లు ఏడుగురు, ఇంజినీర్లు ఆరుగురు, కరెంటు లైన్‌మన్‌లు పందొమ్మిది మంది. తక్కిన పద్నాలుగు చీటీల్లో పదకొండు రకాలు. ఇన్ని లైన్‌మన్ చీటీలు ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు, మనవరాలు చెప్పింది. శనివారం ఆ ప్రహరీ పక్క స్తంభమెక్కిన మనిషి దిగేసరికి ఫ్యాన్లు తిరిగాయట, తరగతంతా లేచి చప్పట్లు కొట్టిందట.

“మావోడు ఏటి రాసేడు?” అని ఎరువుల దుకాణం తండ్రి దారిలో ఆపి అడిగాడు.

“లైన్‌మన్.”

“స్తంభమెక్కుతాడా! అటక మీద డబ్బా తెమ్మంటే కాళ్ళు వణుకుతాయి గుంటడికి! బాబాయ్, ఈ లెక్క సెల్లదు. మళ్ళీ రాయించు.”

ఆగస్టు మూడో సోమవారం మళ్ళీ రాయించాం. అంతకు నాలుగు రోజుల ముందు బడి వెనక కళ్ళంలో ఒక గేదె ఈనలేక అవస్థ పడితే, చీడికాడ నుంచి పశువుల డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చి దూడను బతికించాడు. ఫలితం: పశువుల డాక్టర్లు పదిహేడు. లైన్‌మన్‌లు ఇద్దరు. ఎరువుల దుకాణం అబ్బాయి తన చీటీ వెనక దూడ బొమ్మ కూడా వేశాడు.

ఈ లెక్కా చెల్లదని పెద్దలు పట్టుబడితే, సెప్టెంబరులో చీటీలు ఇళ్ళకు పంపారు. సాఫ్ట్‌వేర్ ముప్ఫైఒకటి వచ్చింది. అందులో ఇరవైరెండు పెద్దవాళ్ళ చేతిరాత. ముప్ఫైమూడేళ్ళు రైతుల సంతకాలు చూసినవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

ఆ రాత్రి భోజనానికి ముందే మూడు నెలల చీటీలనూ రోల్ నంబర్ల వారీగా వరండాలో పరిచాను. మూడింటిలోనూ ఒకే మాట రాసినవాళ్ళు నలుగురు. మిగిలిన నలభైఇద్దరూ మారారు. నా మనవరాలి చీటీలు లైన్‌మన్, పశువుల డాక్టరు. మూడోదానిలో “ఇంకా తెలీదు” అని ఉంది.

“ఇదేమిటమ్మా?” అన్నాను.

“నిజమే రాసేను తాతా. అబద్ధం రాస్తే నీ లెక్క పాడైపోదా?”

చాలాకాలం తరువాత గట్టిగా నవ్వాను. కాటా మీద బండి కదులుతుండగా తూకం రాయకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి నియమం. బండి నిలవాలి, ముల్లు ఆగాలి, అప్పుడే కలం ఎత్తాలి. ఈ నలభైఇద్దరూ ఇంకా కదులుతున్నారు. నేను జూలైలోనే తూకం రాసేయబోయాను. ఏ నెల చీటీని నమ్మి ఏ పాఠం తీసెయ్యాలి? నాకే పద్నాలుగో ఏట చీటీ ఇచ్చి ఉంటే అనకాపల్లి బస్సు కండక్టరని రాసి ఉండేవాణ్ణి. అప్పుడు నాకు చిల్లర లెక్కలే నేర్పేవారు.

సెప్టెంబరు చివరి శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకు, మంచి ఎండలో మళ్ళీ సమావేశమయ్యాం. అంకెలు చదివి వినిపించాను. పీరియడ్లు ఉంచాలని చెప్పాను. చేతులెత్తి తేల్చుకోమన్నారు హెడ్‌మిస్ట్రెస్.

“బాబాయ్, జూలైలో నా పక్షం కదా నువ్వు!” అన్నాడు ఎరువుల దుకాణం తండ్రి.

“జూలైలో నా దగ్గర అంకెలు లేవు బాబూ.”

“అంకెలు కాదు, మనవరాలు!”

“ఆమె కూడా అంకెల్లో ఒకటి. రోల్ నంబరు ముప్ఫైఎనిమిది.”

అదే వేళకు మైదానంలో శనివారం పీరియడు ఆట మొదలైంది. నలభైఆరు తప్పెటలు ఒక్కసారి మోగాయి. కిటికీల దగ్గరికి అందరూ చేరారు. ముందు వరసలో మా పిల్ల చెమటతో తడిసి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ గిర్రున తిరిగింది. నా గుండె కూడా దరువు వేసింది; ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

“కాలాడిస్తన్నావు, ఓటు మాత్రం వద్దనేస్తావేటి?” అని ఆ వెనక వరస తల్లి ఎరువుల దుకాణం తండ్రిని నిలదీసింది.

“నేనాడించడం లేదమ్మా, కాలే ఆడతంది. ఓటు నాది!” అని అతను పీరియడ్లు తీసెయ్యాలనే చెయ్యెత్తాడు, నవ్వు ఆపుకోలేక.

చేతులు లెక్కపెట్టే పని నాకే అప్పగించారు. రెండుసార్లు లెక్కపెట్టాను. హాజరు ఇరవైముగ్గురు. తీసెయ్యాలన్న చేతులు ఏడు. ఉంచాలన్నవి, నా చేతితో కలిపి, పదహారు.