పాలుకక్కే పిల్లల నూకమ్మ

గీదం రైల్వే క్వార్టర్లలో నూకమ్మలు ముగ్గురు ఉండేవారు. చివరి వరసలో ఉండే నూకమ్మను గుర్తుపట్టడానికి అందరూ “పాలుకక్కే పిల్లల నూకమ్మ” అనేవారు. మొదట్లో ఆ మాట వింటే ఆమెకు ఉక్రోషం వచ్చేది. ఎందుకంటే ఆ పేరు తెచ్చిపెట్టింది ఆమె పెద్దకొడుకే.

శృంగవరపుకోట దగ్గరి పల్లె నుంచి ఆమె ఆ పరాయి రాష్ట్రపు ఊరికి వచ్చేనాటికి పందొమ్మిదేళ్లు. భర్త సన్యాసిరావు కీమేన్. పట్టాల వెంట మైళ్లకు మైళ్లు నడిచి, వదులైన బోల్టులు బిగించుకుంటూ పోవడం ఆయన పని. బైలాడిలా కొండల నుంచి ఇనుపరాయి నింపుకున్న గూడ్సులు పగలూ రాత్రీ సముద్రం వైపు పోయేవి. ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి ఎర్రబడేది. డెబ్బై నాలుగులో, రెండు నెలల బిడ్డను చంకనేసుకుని ఆమె పుట్టింటి నుంచి ఆ ఎర్రదుమ్ములోకే తిరిగొచ్చింది.

బిడ్డకు నీలకంఠం అని పేరు పెట్టారు. గొంతులో విషాన్నే నిలుపుకున్న దేవుడి పేరు పెట్టుకున్నవాడికి గుక్కెడు పాలు నిలిచేవి కావు. తాగిన ప్రతిసారీ కక్కేవాడు. నోటి చివర నుంచి జారే పాలు, పెరుగులా విరిగిన పాలు, ముక్కులోంచి వచ్చే పాలు. నూకమ్మ జాకెట్టు ఎప్పుడూ పుల్లటి వాసనే. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పక్కింటి పోలమ్మ ఒకరోజు గట్టిగా చెప్పేసింది.

“నీ పాలు పడ్డం లేదే గుంటడికి. మానిపించేసి డబ్బాపాలు పట్టు.”

ఆ మాట నూకమ్మ గుండెలో ముల్లులా దిగింది. తన ఒంట్లో పుట్టిన పాలే తన బిడ్డకు పడకపోవడమేమిటి? మూడు రోజులు ఏడ్చింది. చివరికి సన్యాసిరావు చేత డబ్బా తెప్పించింది.

ఆ డబ్బా మూత తీయకముందే మాసే వచ్చింది. మాసే పక్క పల్లెలోని గోండు ఇల్లాలు, ఐదుగురు పిల్లల తల్లి. సంత నాడు ఆకుకూరల గంపతో క్వార్టర్ల ముందు నుంచి పోయేది. ఏడుస్తున్న నూకమ్మను చూసి గంప దించింది. ఇద్దరికీ వచ్చిన భాష సంతలో నేర్చుకున్న ముక్కల హిందీ ఒక్కటే.

“పేశాబ్?” అని అడిగింది మాసే, పిల్లాడి పొత్తిగుడ్డ చూపిస్తూ.

“పోస్తాడు. గుడ్డలు ఉతకలేక సస్తన్నాను.”

మాసే పిల్లాడి తొడ రెండు వేళ్లతో పట్టి చూసింది. మెత్తగా, నిండుగా ఉంది. కక్కిన వెంటనే బోసినోరు తెరిచి ఆమె ముక్కుపుడక కేసి నవ్వాడు. “నవ్వేవాడికి రోగమేంటి?” అన్నట్టు ఆమె చేతులు తిప్పింది. తర్వాత వాణ్ని ఎత్తి భుజానికి నిలువుగా ఆనించుకుని, వీపు మీద మెల్లగా నిమిరింది. ఎంతసేపటికో ముసలాడిలా పెద్ద తేన్పు తేన్చాడు. అయినా ఆమె దింపలేదు. కూర అమ్ముకోవలసిన మనిషి, కబుర్లు చెబుతూ అరగంట అలాగే నిలబడింది.

పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వమంది. తాగగానే పడుకోబెట్టొద్దంది, ఎగరేసి ఆడించొద్దంది. నడుం చుట్టూ గుడ్డ బిగించి కట్టొద్దంది. డబ్బాను చూసి తల అడ్డంగా ఊపింది.

నీలకంఠం కక్కడం మానలేదు గాని తగ్గింది. కూర్చోవడం వచ్చాక ఇంకా తగ్గింది. ఏడాది నిండేసరికి ఆ సంగతే అందరూ మరిచిపోయారు. పేరు మాత్రం మిగిలింది. కొత్తగా తల్లులైనవాళ్లు తడిసిన చీరలతో, వాచిన కళ్లతో నూకమ్మ గుమ్మం ముందు నిలబడేవారు. “నీ పాలు మంచివేనే అమ్మా” అనడంతోనే ఆమె మొదలుపెట్టేది. ఆ మాట తనకు ఎవరూ చెప్పలేదని ఆమె మరిచిపోలేదు.

ఎనభై మూడు వానాకాలంలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ చక్రధరరావు కూతురు గంగ పురిటికి వచ్చింది. మగపిల్లాడు. నాలుగో వారంలో కక్కడం మొదలైంది. నూకమ్మ వాకిట్లోనే నిలబడి, పిల్లాణ్ని ఒక్కసారి చూసి, “బెంగెట్టుకోకు, తగ్గిపోద్ది. భుజాన ఏసుకో” అని చెప్పి వచ్చేసింది. ఇంట్లో తోటకూర పొయ్యి మీద ఉంది మరి.

ఎనిమిది రోజుల తర్వాత గంగ మళ్లీ కబురు పెట్టింది. ఈసారి నూకమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. పిల్లాడు ఆత్రంగా తాగాడు. గంగ భుజాన వేసుకుంది. ఒక్కసారిగా వాడి ఒళ్లు బిగుసుకుంది. పాలు జారలేదు, మూరెడు దూరం ఎగిరి గోడకు కొట్టాయి. వెంటనే మళ్లీ ఆకలికి ఏడుపు. ఆ మొహం ముడతలు పడి ఉంది.

నూకమ్మ కళ్లు దండెం మీదికి పోయాయి. రెండే పొత్తిగుడ్డలు.

“పొద్దున్నుంచీ ఇవేనా?”

“నిన్నటివి కూడా పిన్నీ” అంది గంగ.

నూకమ్మ పిల్లాడి తొడ పట్టి చూసింది. చర్మం వదులుగా వేళ్ల మధ్యకు వచ్చింది. ఆ వానలోనే స్టేషన్‌కు పరుగెత్తింది.

“బాబూ, మనవణ్ని జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల. ఇప్పుడే.”

చక్రధరరావు రిజిస్టర్ మీంచి తలెత్తాడు. “నువ్వే కదా తగ్గిపోతుందన్నావు?”

“తప్పు సెప్పినాను బాబూ. సరిగ్గా సూడకుండా సెప్పినాను. మావోడు కక్కినా ఒళ్లు సేసినాడు. ఈడు ఎండిపోతన్నాడు.”

“పాసింజర్ పొద్దున్నే వెళ్లిపోయింది. రేపు...”

“రేపటిదాకా ఆగొద్దు! ఎదురుబండి క్రాసింగ్‌కి గూడ్సు ఆగుద్ది కదా? గార్డు పెట్టెలో ఎక్కించండి.”

“రూల్ ఒప్పుకోదు నూకమ్మా.”

“రూలు తర్వాత సూసుకుందురు గాని, ముందు గుంటణ్ని సూడండి.”

ఆయన ఇంటికెళ్లి చూశాడు. తిరిగొచ్చి గార్డుతో ఏం మాట్లాడాడో గాని, గూడ్సు కదిలేసరికి గంగ, నూకమ్మ గార్డు పెట్టెలో ఉన్నారు. దారి పొడుగునా పెట్టె కుదుపులకు పిల్లాడి తల అదరకుండా నూకమ్మ అరచేయి అడ్డంపెట్టి కూర్చుంది. తన నోటి నుంచి వచ్చిన “తగ్గిపోద్ది” అన్న మాట చక్రాల చప్పుడులో పదేపదే వినిపించింది.

జగదల్‌పూర్‌లో డాక్టరు పిల్లాడి పొట్ట మీద వేళ్లతో తడిమి చూశాడు. కడుపు నుంచి పేగులోకి పోయే దారి దళసరెక్కి బిగుసుకుపోయిందని, పాలు కిందికి దిగే వీల్లేక వెనక్కి ఎగజిమ్ముతున్నాయని చెప్పాడు. ముందు సెలైన్ ఎక్కించి నీరసం తీర్చారు. రెండో రోజు చిన్న ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆ మాటకు గంగ నూకమ్మ చేయి పట్టుకుంది. నూకమ్మ మాత్రం తల ఎత్తలేకపోయింది.

“నన్ను తిట్టవే తల్లీ. ఎనిమిది రోజులు పోగొట్టినాను.”

“మళ్లీ వచ్చి చూసింది నువ్వే కదా పిన్నీ.”

ఆ తర్వాత ఎవరు పిల్లాణ్ని తెచ్చినా నూకమ్మ మొదట ఓదార్చడం మానేసింది. కూర్చోబెట్టి, పాలు తాగించి, కళ్లారా చూసేది. ఉచ్చ ఎన్నిసార్లు, ఒళ్లు చేస్తున్నాడా, జారుతోందా ఎగురుతోందా, పచ్చగా గాని నెత్తురు చారగా గాని పడిందా అని అడిగేది. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఏ తేడా లేకపోతేనే ఓదార్పు. కొందరు ఆమెకు చాదస్తం పట్టుకుందన్నారు. ఆమె పట్టించుకోలేదు.

ఆపరేషన్ అయిన మూడు వారాలకు గంగ పిల్లాడితో పరుగెత్తుకుంటూ వచ్చింది, మళ్లీ కక్కుతున్నాడని. గంగ మొహంలో నెత్తురు చుక్క లేదు. నూకమ్మ వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. బుగ్గలు నిండాయి. పొత్తిగుడ్డ తడిసి బరువుగా ఉంది. గంగ పాలిచ్చింది. తాగాక వాడి పెదవి చివర నుంచి తెల్లగా ఒక చార జారింది, అంతే. వాడు కాళ్లు తన్నుకుంటూ నూకమ్మను చూసి నవ్వాడు.

“ఇది ఉత్త కక్కేనే పిచ్చి తల్లీ” అంది నూకమ్మ. చాలా రోజుల తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. “నీ పాలు బాగా పడతన్నాయి.”

వాణ్ని నిలువుగా భుజాన వేసుకుని వాకిట్లో నడవడం మొదలుపెట్టింది. వీపు మీదుగా వెచ్చగా పాలు కారి చీర తడిసింది. ఆమె ఆగలేదు.