నాన్న విన్న మిస్సింగ్

మా దీవిలోని డాలీగంజ్‌లో నాన్న ఇంటి ముందు రేకుల పందిరి కింద డింగీ పడవల ఇంజిన్లు బాగుచేసేవాడు. నట్టు విప్పకముందే, శబ్దం విని రోగం చెప్పేసేవాడు. నా చదువేమో ఎవరి చేతికీ అందని వస్తువుల మీద. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ తార గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పంపుతుంది. వాటిని శబ్దంగా మారిస్తే టక్ టక్‌మని వినిపిస్తాయి.

పీహెచ్‌డీ చివరి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు నా తార శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లో నాన్నకు వినిపించాను. కళ్లు మూసుకుని, మోకాలి మీద వేలితో దెబ్బ వేస్తూ విన్నాడు. ఉన్నట్టుండి వేలు ఆగింది.

“మిస్సింగ్ ఉన్నాదే అమ్మా. రెండు దెబ్బలు పడనేదు. ఫిర్ సే ఎట్టు.”

“మిస్సింగూ లేదు, ఏమీ లేదు. వేల దెబ్బలు కలిపి సగటు తీశాం, బ్రహ్మాండంగా ఉంది. నీ చెవులకే వయసొచ్చింది,” అని నవ్వాను.

నాన్న మళ్లీ విన్నాడు. “అదే అయ్యుంటాది,” అన్నాడు.

వేల దెబ్బల సగటులో రెండు తప్పిపోతే కనబడవన్న ఇంగితం నాకు లేకపోయింది. అయినా డాక్టరేట్ వచ్చింది, మెయిన్‌లాండ్‌లో ఉద్యోగమూ వచ్చింది. కొన్నేళ్లకు వేరే బృందం పేపర్ రాసింది, ఆ తార మధ్యమధ్యలో దెబ్బలు ఎగ్గొడుతుందని. పాత రికార్డింగు తీసి విన్నాను. నాన్న వేలు ఆగిన చోట రెండు దెబ్బలు లేవు. తల తీసేసినట్టయింది.

ఆ రోజే ఫోన్ చెయ్యాల్సింది. పొగరు అడ్డొచ్చింది. సెలవుల్లో ఎదురుగా కూర్చుని చెబుదాంలే అనుకున్నాను. సెలవులు రాకముందే నాన్న పోయాడు.

పెద్దకర్మ నాడు డింగీ నడిపే నాన్న పాత స్నేహితుడొకాయన వచ్చాడు. పందిరి కింద పానాలు తుప్పు పట్టి ఉన్నాయి. వయసు మీదపడి పని మానేశాడనుకున్నానని ఆయనతో అన్నాను.

“వయసేటమ్మా! చెవి ఖరాబ్ అయిపోనాదని మానేసినాడు. ‘మా పాప మెషీన్ ఎట్టి చూసి సెప్పినాది’ అనీవోడు. మరి ఎవులి ఇంజినూ ముట్టుకోనేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. తార సంగతి, పేపర్ సంగతి, నాన్న చెవి తప్పు కాదన్న సంగతి అంతా ఆయనకు చెప్పేశాను. ఆయన ఓపికగా విన్నాడు.

“మరి ఆ మాట మీ నాన్నకి సెప్పినావా అమ్మా?” అని అడిగాడు.