ఉత్త మగ్గం చప్పుడు

అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. కోడుమూరు దాటి వచ్చే మా ఊళ్లో ఇది తాతల నాటి ఆచారం. ఒకప్పుడు ఆ రోజు మగవాళ్లు అరుగుల మీద కబుర్లతో పొద్దు పుచ్చేవాళ్లు, ఆడవాళ్లం తలంటు పోసుకుని కాసేపు నడుం వాల్చేవాళ్లం. ఇప్పుడు ఆ మధ్యాహ్నం చేనేత సంఘం గదిలో కూర్చుంటాం. ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వస్తుంది. నిద్ర పట్టనివాళ్లు, ఏడుపు ఆగనివాళ్లు, ఏమీ లేకుండానే గుండె దడగా ఉంటుందనేవాళ్లు ఆమెతో మాట్లాడతారు. అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది మా బావ. ఇంత చిన్న ఊళ్లో ఇదెట్లా మొదలైందని బయటివాళ్లు అడుగుతుంటారు. ఎవరో వచ్చి మైకు పట్టుకుని ఉపన్యాసం ఇస్తే మొదలైంది కాదు. మా బావ ఒకరోజు వాకిట్లోకి వచ్చి నిజం చెబితే మొదలైంది.

బావ అంటే మా ఆయన అన్న. ఆయన భార్య నాకు తోటికోడలు, అక్కా అని పిలుస్తాను. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. అటువైపు బావ మగ్గం, ఇటువైపు నా రాట్నం. నేను నూలు కండెలు చుడుతున్నంతసేపూ ఆయన నేసే చప్పుడు నా చెవిలో ఉండేది.

మా దగ్గర మగ్గం చప్పుడే క్షేమ సమాచారం. పొరుగూరి చుట్టం ఫోన్ చేసినా బాగున్నారా అనడు, "మగ్గం ఆడుతాండాదా?" అంటాడు. ఆడుతుంటే ఆ ఇంట్లో అందరూ బాగున్నట్టే. పడుగు మార్చాలన్నా, ఊరికి పోవాలన్నా పక్కింటికి ఒక మాట చెప్పి ఆపుతాం. చెప్పకుండా పట్టపగలు మగ్గం ఆగి, ఎంతసేపటికీ మోగకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఇక వీధి వీధంతా మగ్గాలు దిగి ఆ వాకిట్లో నిలబడుతుంది. వేరే కబురు పంపే పని లేదు.

బావ సరదా మనిషి. నాకు నోరెక్కువని నన్ను "ఏమ్మా, కలెక్టరమ్మా" అని ఏడిపించేవాడు. ఇదంతా జరిగిన ఏడు ఎండాకాలం మొదలయ్యేసరికి ఏడిపించడం మానేశాడు. అన్నం కెలికి లేచిపోయేవాడు. నేస్తూ నేస్తూ ఆగి, కాళ్లు మగ్గం గుంటలో వేలాడేసుకుని అట్లాగే కూర్చునేవాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదనేవాడు. నిజంగానే ఏమీ కాలేదు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరితోనూ గొడవ లేదు. "ఇల్లుండాది, పెండ్లాముండాది, చేతినిండా పనుండాది. ఏం రోగమప్పా వానికి?" అని అరుగుల మీద అనుకునేవాళ్లు. మావాళ్ల దృష్టిలో కారణం చూపించనివాడికి బాధపడే హక్కు లేదు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అహోబిలం తీసుకుపోయాం. నరసింహస్వామి ముందు బావ చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ రోజు ఆయన ముఖం కాస్త తేటపడింది కూడా. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే.

ఆ తర్వాత కొన్నాళ్లకు గోడవతలి చప్పుడులో ఏదో తేడా వినిపించింది. నేసేటప్పుడు తాడు లాగితే పేక దారం మోసే నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి టక్కున తగులుతుంది, వెంటనే ఆ దారాన్ని బట్టలోకి తోసే పలక దబ్బున పడుతుంది. ఇప్పుడు పలక ఒక్కటే పడుతోంది. నాడె పరుగు లేదు. తాడు తెగిందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. రాట్నం వదిలేసి పోయి చూశాను.

గుంటలో కూర్చున్నది అక్క. ఆమెకు నేత రాదు, నాలాగే కండెలు చుట్టడమే వచ్చు. కాలి చెక్కలు తొక్కుతూ పలక లాగి లాగి కొడుతోంది. పేక లేదు, బట్ట అంగుళం ముందుకు పోలేదు, పడుగు దారాలు నలిగిపోతున్నాయి. బావ పక్కనే చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏం చేస్తాండావక్కా ఇది?" అన్నాను.

"గట్టిగా అరవద్దు, వీధిలో ఇంటారు."

"ఇంటే ఏమైతాది?"

"మగ్గం ఆగితే వస్తారు. వచ్చి ఈయప్పను చూస్తారు. పిచ్చి పట్టిందంటారు. ఒగసారి ఆ మాట పడినంక ఈ వీధిలో తలెత్తుకోని తిరుగుతాడా?"

నాకు కోపం నషాళానికంటింది. కడిగేద్దామని నోరు తెరిచాను. అంతలో బావ గోడవైపు నుంచే మెల్లగా అన్నాడు, "రేపు తెల్లారకుంటే బాగుండుననిపిస్తాండాదమ్మా."

అంత భయం నాకు అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు. అక్కేమో పరువు కాపాడుతున్నాననుకుంటోంది, అక్కడ మనిషే చేజారిపోతున్నాడు.

ఇక ఎవరినీ అడగలేదు. మా ఆయనతో కలిసి బావనూ అక్కనూ కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. బస్సు దగ్గర ఎవరో యాడికి పోతాండారని అడిగితే మా ఆయన "కంటి డాక్టరు దగ్గరికి" అన్నాడు. నేతగాళ్ల కళ్లు ఎట్లాగూ పోయేవే కాబట్టి వాళ్లు మరో మాట అడగలేదు. ఆసుపత్రిలో మనోవ్యాధుల డాక్టరమ్మ బావతో తీరిగ్గా మాట్లాడింది. ఇది కూడా జ్వరంలాగా జబ్బేనని, మందులున్నాయని, నెమ్మదిగా నయమవుతుందని చెప్పింది. కొన్నాళ్లు ఆయన్ను ఒంటరిగా వదలొద్దంది. తర్వాత అక్క వైపు తిరిగి, "నువ్వు నిద్రపోతున్నావామ్మా?" అని అడిగింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. అన్నాళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఇంత జరిగినా మర్నాడు పొద్దున అక్క మళ్లీ గుంటలోకి దిగింది. గోడవతల దబ్బు దబ్బుమంటుంటే నాకు పిచ్చెక్కినట్టయింది. ఈసారి ఊరుకునేది లేదని విసురుగా పోయాను. నేను నోరెత్తకముందే బావ లేచి కూర్చున్నాడు.

"ఆపు," అన్నాడు అక్కతో. "నీ భుజాలు ఇరిగిపోతాండాయి. వస్తే రానీ."

అక్క నా వైపు చూసింది. పలక వదిలేసింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పక్కింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. వీధి కొస దాకా అన్నీ ఆగిపోయాయి. మగవాళ్లు తలకు చుట్టిన తువ్వాళ్లు తీసి చేత పట్టుకుని, ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చారు. ఒకామె గేటు దగ్గరే శోకం అందుకుంది. అప్పుడు బావ గడప దాటి బయటికి వచ్చాడు. శోకం గొంతులోనే ఆగిపోయింది.

"నేను సచ్చిపోలేదప్పా," అన్నాడు. "సావాలనిపించింది. అది జబ్బంట. కంటి డాక్టరని చెప్పింది అబద్ధం, నా మనసు బాగలేక చూపిచ్చుకున్నా. మందు తింటాండా. మగ్గం కొన్నాళ్లు ఆడదు."

వెనక ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు మా వీధి చివరింటి అవ్వ జనాన్ని పక్కకు తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట ఆమె ఒక్కగానొక్క కొడుకు చేలో పాము కరిచి పోయాడు. మేమందరం పోయి ఓదార్చినవాళ్లమే. అవ్వ వచ్చి గడప మీద కూలబడి, బావను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

"మావాన్ని పాము కరిసిందని చెప్పుకుంటిమి," అంది. "పాము కాదు నాయనా."

అవ్వ బావ చెయ్యి వదల్లేదు.

"వాడూ ఇట్లే ఉండె. అడిగితే ఏం ల్యేదనె. నీ మాదిరి ఈ గడపలో నిలబడి ఒక్క మాట చెప్పింటే ఈ పొద్దు నీ పక్కన వాడూ ఉండేవాడు. శానా ఏండ్ల నుంచి ఆలోచిస్తాండా, ఎందుకు చెప్పలేదో అని. మీరంతా నవ్వుతారనుకున్యాడో ఏమో." తల ఎత్తి మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. "ఏమప్పా, వాడు చెప్పింటే నవ్వింటారా మీరు?"

ఆమె తిట్టడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. వెనకాయన తువ్వాలు కిందికి జారింది.

నవ్వేవాళ్లమే. ఆ వాకిట్లో నిలబడిన ప్రతి ఒక్కరికీ అది తెలుసు. అవ్వకు ఆ మాట చెప్పే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది.