తెల్ల అంగీ మనిషి ఎవరు?

మా పెద్దనాయన వయసుల ఉన్నప్పుడు నాంపల్లి స్టేషన్‌ల ఓ సినిమా షూటింగ్ అయిందట. హీరో రైలు దిగే సీన్ల, వెనక తెల్ల అంగీ తొడుక్కొని నిలబడ్డది తానేనని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తడు. మా ఇంట్ల ఉన్న గా సినిమా పాత క్యాసెట్‌ల అంతా మసక. అది ఖరాబైంది గూడ. ఆయన మాట మాకెవ్వరికీ నమ్మబుద్ధి కాకపోయేది.

ఇయ్యాల అబిడ్స్‌ల ఓ షాపుల అదే సినిమా ఫోర్‌కే డిస్క్ కనవడ్డది. "కొత్తగ సాఫ్ చేసిన్రు, ఒక్కొక్క మొఖం కనవడ్తది" అన్నడు షాపాయన. నిజం తేలుద్దామని కొనుక్కొచ్చి, అందరినీ కూసోవెట్టి, గా సీన్ కాడ ఆపిన. తెల్ల అంగీ మనిషి మీసం వెంట్రుకలు సుతా కనవడ్తున్నయి. గా మనిషి పెద్దనాయన మాత్రం కాదు.

ఆయన అద్దాలు పెట్టుకొని టీవీ దగ్గరికి పోయి చూసిండు.

"గిది నకిలీదిరా. నా మొఖం తీసేసి ఇంకెవనిదో పెట్టిన్రు."

"నీ మొఖంతోని వాళ్లకేం పని, పెద్దనాయనా?"

నేనట్లంటే అందరం నవ్వినం. ఆయన లోపలికి పోయి పండుకున్నడు.

టీవీ బంద్ చెయ్యబోతూ మళ్లోసారి చూసిన. వెనక నిలబడ్డ కూలీదీ అదే మొఖం. చాయ్ అమ్మెటాయనదీ అదే మొఖం, అదే మీసం. మసకగ ఉన్నకాడల్లా సాఫ్ చేసిన కంప్యూటరే ఓ మొఖం పుట్టించి అందరికీ అతికించిందా ఏంది?

ఎవరి దగ్గరన్నా గా సినిమా పాత క్యాసెట్ ఉంటే జర చెప్పుండ్రి. బొమ్మ మసకగ ఉన్నా ఫికర్ లేదు. మా పెద్దనాయన గా మసకలనే ఉన్నడు.