చెరిసగం మందు

నాలుగేళ్ల క్రితం మేము హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా పెద్దపాప కాలిమీద చీముపుండ్లు లేస్తే డాక్టరు యాంటీబయాటిక్ సిరప్ రాశారు. రెండోరోజుకే చిన్నదానికీ అవే పుండ్లు.

"మళ్లీ డాక్టరేటి? ఉన్న మందే ఇద్దరికీ చెరిసగం పోసీ" అంది అత్తయ్య. మా ఇంట్లో జామపండైనా అలాగే పంచుతాం. సరేనని పూటకు అరచెంచా చొప్పున పోశాను.

నాలుగోరోజుకు పెద్దదాని కాలు వాచిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. ఎత్తుకుని పరుగెత్తాను. సంగతి విని డాక్టరు తల పట్టుకున్నారు. "సగం మందుకు క్రిములు చావవు దీదీ, మొండికేస్తాయి. ఇద్దరికీ ఎవరి కోర్సు వాళ్లకు పూర్తిగా వాడాల్సిందే" అన్నారు బెంగాలీలో.

పుండ్లు మానాయి. పెద్దదాని మోకాలి కింద మచ్చ మాత్రం ఉండిపోయింది. అది కనబడినప్పుడల్లా అనిపిస్తుంది, ఆ వారం నేను ఇద్దరికీ సమానంగా పంచింది జబ్బునేనని.