నూకయ్య వీపు

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉండే నూకయ్య రైలు బోగీలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాడు. మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కాయే తొడుగుతాడు. సోరియాసిస్ అంటుకునే రోగం కాదు, అయినా జనం చూపులంటే జంకు. ఆదివారం మాత్రం చొక్కా విప్పి కిటికీ దగ్గర కూర్చుంటాడు. పొలుసుల మచ్చ పక్కన వర్క్‌షాపు స్టీలు స్కేలు ఆనించి, భార్య చిలకమ్మ ఫొటో తీస్తుంది. మచ్చ ఎంత పాకిందో ఆ ఫొటోలో చూసి డాక్టరు మందు మారుస్తాడు. పోయినసారి సిగ్గుపడి ముందే కొబ్బరినూనె పూసుకున్నాడు. పొలుసులు కనబడక డాక్టరు మందు తగ్గించాడు. వీపంతా రేగి చొక్కాకు నెత్తురంటింది. ఆ వీపు చూపించలేక ఇవాళ మళ్లీ నూనె సీసా అందుకున్నాడు.

"ఏటి మావా, బోగీ పగులు మీద రంగేసి దాసినోణ్ని ఆ రోజు ఏటని తిట్టినావు?" అంది చిలకమ్మ.

"జనాల్ని సంపేత్తావేట్రా అన్నాను."

"మరిప్పుడు నువ్వు సేత్తన్నదేటి?"

నూకయ్య సీసా మూత బిగించి, వీపును వెలుగుకు తిప్పాడు.